వెంట్రుకవాసి

జూన్ మూడో వారం.
మేరియస్ నది వంపులో, బఠాణీ చేనుకీ పశువుల దొడ్డికీ మధ్య
ముళ్ళతీగ వెంట నడుస్తున్నాను.
చేతిలో పటకారు, జేబులో లైటరు,
సంచీలో గోధుమరంగు కవర్లు నూటపాతిక.

ఒక్కో ముల్లునీ చూడాలి.
ఆవు వెంట్రుక ముతక. జింకది బోలు,
వంచితే గడ్డిపరకలా చిట్లుతుంది.
నాక్కావలసింది గ్రిజ్లీది:
కొస వెలిసి, మొదట చీకటిగా,
కుదురుతో సహా ఊడొచ్చినది.
తీసి కవర్లో వేసి, ముల్లుని మంటలో కాల్చి
మళ్ళీ కొత్త ముల్లుని చేస్తాను.
రేపు ఇంకెవరు దూరతారో తెలియాలి కదా.

భల్లూకపు పట్టు అంటారు.
నేను చూసినంతలో పట్టు తీగదే.
నూరేళ్ళ కిందట మైదానాన్ని గళ్ళుగళ్ళుగా కోసి
ఎలుగుల్ని కొండల్లోకి నెట్టింది.
ఇప్పుడు వాటి రాకలు రాసుకునే గుమాస్తా.

పైన తెల్లబెరడు పైన్లు నిలువునా ఎండిపోయాయి.
ఆ గింజలు తిని బలిసిన తరం వేరు.
ఇవి నది పట్టుకుని దిగుతున్నాయి,
ఒలికిన గోధుమలకి, చచ్చిన దూడలకి,
ముత్తవ్వలు మరిచిపోయిన గడ్డి వాసనకి.

మేలో ఒకదాన్ని బోనులో పట్టాం.
మత్తులో ఉంది, నాలుక పక్కకి జారింది.
పెదవికీ తోకకీ తీగలు తగిలించి
సన్నటి కరెంటు పంపితే
ఒంట్లో కొవ్వెంతో మీటరు చెబుతుంది.
నూటికి పద్దెనిమిది. మే నెలకి అది సిరే.
దాని అరికాలి మీద కాసేపు చెయ్యి పెట్టాను.
నింపాల్సిన ఫారంలో ఆ గడి లేదు.

డెల్మా ఓస్ట్రెమ్ గేటు దగ్గర నిలబడి ఉంది.
డెబ్భై ఆరేళ్ళు. ఏప్రిల్లో మూడు దూడలు పోయాయి.
నాలుగొందల గజాల బస్సుస్టాపుకి
మనవణ్ణి ట్రక్కులో దింపుతోంది.
"మా తాత కొట్టినదాని చర్మం
చిన్నప్పుడు నా మంచం మీద పరిచేవాళ్ళు" అంది,
సంతలో ధర చెప్పినట్టు.
చర్చి కానుకల కవరొకటి నా చేతిలో పెట్టింది.
లోపల ఎనిమిది వెంట్రుకలు.
"దొడ్డి వెనక మూలలో, నేనే తీశాను.
ఎవరి పిల్లో చెప్పగలవా?"

వెంట్రుకవాసి అని
తప్పిపోయిన చావుకి అంటాం.
ల్యాబులో ఆ వాసి చాలా వెడల్పు.
కుదుట్లో తల్లి ఉంటుంది, తండ్రి ఉంటాడు,
ఒకే లోయలో ఎన్ని తరాలు
తమలో తామే జతకట్టాయో ఉంటుంది.
నిరుటి బెదురు కూడా ఉంటుందంటారు.
నాకు సగమే నమ్మకం.

సెప్టెంబరులో ఫలితం వచ్చింది.
ఫోన్లో చెబితే పోయేది. వెళ్ళాను.
"ఆడది. తల్లి మాకు తెలుసు.
రైలు కట్ట మీద ఒలికిన ధాన్యం తింటూ... రెండేళ్ళయింది."
డెల్మా కాఫీ చల్లారనిచ్చింది.

మగవి వస్తాయి, పోతాయి.
వందల మైళ్ళు తిరిగి ఏ రోడ్డు మీదో ఆగిపోతాయి.
ఆడది తల్లి తిరిగిన చోటు విడిచి ఊరికే కదలదు.
కదిలొచ్చిందంటే కాపురానికే.
మ్యాపులో గీత మేం అప్పుడే జరుపుతాం.
ఇదంతా పైకి అనలేదు.
పశువుల మనిషి. ఆడది అన్నప్పుడే అందింది.

"అయితే ఉంటుంది."
"ఉండొచ్చు."
"మరి నా దూడలు?"
కరెంటు కంచె గురించి చెప్పాను, సగం ఖర్చు గురించి,
చచ్చిన పశువుని ఎత్తుకెళ్ళే బండి గురించి.
అన్నీ నిజాలే. జవాబు వాటిలో లేదు.

అక్టోబరులో మళ్ళీ వెళ్ళేసరికి
ఈనే దొడ్డి చుట్టూ అయిదు వరసల తీగ
టిక్కుటిక్కుమంటోంది.
మిగతా కంచెకి కొత్త గుంజలు, బిగించిన తీగలు.
నదివైపు మూల ఒక్కటీ ముట్టుకోలేదు.
కింది తీగ జానెడు కుంగి, అలాగే ఉంది.
ముల్లుకి కొత్త కుచ్చు,
గాలికి అటూ ఇటూ తిరుగుతోంది.

పటకారు తీస్తుంటే ట్రక్కులోంచి కేకేసింది:
"లైటరు జాగ్రత్త, గడ్డి ఎండి ఉంది!"